రెండంగుళాల మర్యాద

రాజనీతిశాస్త్రం పేపరు మొదటిసారి తప్పినప్పుడు నా జవాబుల పుస్తకం మీద ఎర్రసిరాతో ఇలా రాసి ఉంది: "ఇందులో వాస్తవం ఒక్కటే ఉంది. అది మీ హాల్ టికెట్ నంబరు."

రాసిందెవరో నాకు తెలుసు. దూరవిద్య కేంద్రంలో ఆదివారం క్లాసులు చెప్పే లెక్చరరు. మా అబ్బాయి కంటే రెండేళ్లు చిన్నవాడు. పైకి "సార్" అంటాను గానీ మనసులో మాత్రం ఎర్రసిరా అనే పిలుచుకుంటాను. రెండోసారి తప్పినప్పుడు అదే సిరాతో, "ఉన్నది రాయమంటే ఉండాల్సింది రాశారు" అన్నాడు. అప్పుడిచ్చిన ప్రశ్న సంఘాల్లో అధ్యక్షుడి పాత్ర గురించి. నేను నాలుగు పేజీలు రాశాను. అందులో మూడున్నర పేజీలు మా బావగారిని తిట్టడానికే సరిపోయాయి.

నాకు నలభై తొమ్మిదేళ్లు. పెళ్లికి ముందు ఆగిపోయిన డిగ్రీని ఐదేళ్ల కిందట మళ్లీ మొదలుపెట్టాను. ఆరేళ్లలో ముగించాలని నియమం, ఇది ఆరో ఏడు. మిగతావన్నీ గట్టెక్కాయి, ఈ ఒక్క పేపరే మిగిలింది. ఇది కూడా పోతే అన్నీ మొదటి నుంచి రాసుకోవాలి. ఈ వయసులో నీకెందుకమ్మా అని మా అబ్బాయి అడిగాడు. నాకు కావాలి, అంతే. కారణం చెప్పాలని ఎక్కడా రాసి లేదు.

మాది కుట్టు దుకాణం. మా ఆయన మగవాళ్ల కొలతలు తీసి పైకి పిలుస్తారు, నేను పుస్తకంలో రాస్తాను. ఆడవాళ్ల కొలతలు నేనే తీసి నేనే రాసుకుంటాను. మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియని పద్ధతి ఒకటి ఈ దుకాణంలో ఇరవై ఆరేళ్లుగా నడుస్తోంది. నలభై తాకిన ప్రతి మగ నడుముకూ మా ఆయన రెండంగుళాలు తగ్గించి పిలుస్తారు. నేను రెండంగుళాలు కలిపి రాస్తాను. వచ్చినాయన ముఖం కళకళలాడుతుంది, ప్యాంటు కూడా సరిపోతుంది.

ఇది మొదలైంది మా బావగారితోనే. బావగారంటే మా ఆయనకు అన్నయ్య, సందు మొదట్లో ఇనప సామాను కొట్టు ఆయనది. తల్లీ తండ్రీ పోయాక తమ్ముణ్ణి పెంచి పెద్దచేసింది ఆయనే. ఆయన నడుము మొదటిసారి నలభై తాకిన రోజు మా ఆయన టేపు చూశారు. అన్నయ్య ముఖం చూశారు, ముప్పై ఎనిమిది అన్నారు. నేను నలభై రాశాను. అదేమిటండీ అబద్ధం అంటే, "అబద్ధం కాదే, మర్యాద" అన్నారు. ఆ మర్యాద అలా పెరుగుతూ వచ్చి, ఇప్పుడు బావగారి నడుము నలభై ఆరు. ఆయన దృష్టిలో నలభై నాలుగు.

ఈసారి పరీక్షతో పాటు ప్రాజెక్టు కూడా ఉందన్నారు. మీకు దగ్గర్లో జరిగే ఎన్నిక ఏదైనా కళ్లారా చూసి నివేదిక రాయాలి.

"పేజీ మధ్యలో నిలువుగా గీత కొట్టండమ్మా," అన్నాడు ఎర్రసిరా. "ఎడమ పక్క మీరు చూసింది, విన్నది, లెక్కపెట్టింది. కుడి పక్క మీకేమనిపించింది, ఏం జరిగితే బాగుంటుంది. కుడి పక్క మాట ఎడమలోకి దూరితే మాటకో మార్కు కోస్తాను."

"అంటే కుడి పక్కది తప్పా సార్?"

"తప్పని ఎవరన్నారు? అసలు అది లేకపోతే రాజకీయాలే లేవు. కానీ రెండూ కలిపి వండేస్తే ఏది ఏదో తినేవాడికి తెలీదు. మీ వంట అదే."

నాకు ఒళ్లు మండింది. అయినా ఎన్నిక కోసం వెతుక్కోనక్కర్లేదు. మా సందులో అరవై ఒక్క దుకాణాలున్నాయి, ఒక సంఘం ఉంది. దానికి తొమ్మిదేళ్లుగా అధ్యక్షులు మా బావగారు. ఇన్నాళ్లకు ఆయన మీద ఒకరు పోటీకి దిగారు, కళ్లద్దాల కొట్టు అమ్మాయి. ముప్పై ఏళ్లుంటాయి. నన్ను పిన్నీ అంటుంది. తను నిలబడింది ఒక్క తాళంచెవి కోసం.

సందు చివర రెండు గదులు కట్టారు. ఒకటి మగవాళ్ల మరుగుదొడ్డి, రెండోది ఆడవాళ్లది. రెండో దానికి తాళం వేసి ఉంటుంది. తాళంచెవి బావగారి దగ్గర ఉంటుంది. అడిగితే మరమ్మతు అంటారు. మేం బస్టాండు దాకా పోయి రావాలి.

మొదటి వారం నేను ఎడమ పక్క రాసిన మొదటి వాక్యం, "అధ్యక్షుడు మొండివాడు." ఎర్రసిరా దాన్ని కొట్టేశాడు.

"మొండితనం మీకు కంటికి కనిపించిందా అమ్మా?"

"కనిపించకేం సార్, తొమ్మిదేళ్లుగా చూస్తున్నా."

"సరిగ్గా ఏం కనిపించిందో చెప్పండి."

"తాళం కనిపించింది."

"అయితే తాళం గురించి రాయండి."

కోపంతోనే వెళ్లి తాళం చూశాను. కిటికీ పగులులోంచి లోపలికి చూశాను. సంఘం సమావేశాల పుస్తకం అడిగి తెచ్చి మొత్తం తిరగేశాను. చేతి గడియారం చూసుకుంటూ బస్టాండుకు నడిచి వచ్చాను. దుకాణం దుకాణానికీ వెళ్లి ఆడవాళ్లను అడిగాను. తర్వాత ఎడమ పక్క ఇలా రాశాను:

"తాళం తుప్పు పట్టింది. గదిలో పదకొండు రంగు డబ్బాలు, మూడు కాళ్ల కుర్చీ ఒకటి ఉన్నాయి. కుర్చీకి ఒకప్పుడు నాలుగు కాళ్లు ఉండేవి. సమావేశాల పుస్తకంలో 'మహిళల గది మరమ్మతులో ఉన్నది' అన్న వాక్యం ఇరవై ఏడు చోట్ల ఉంది. మా దుకాణం నుంచి బస్టాండుకు పోయి రావడానికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ఈ సందులో పనిచేసే ఆడవాళ్లు పంతొమ్మిది మంది. మధ్యాహ్నం ఇంటికి వెళ్లేదాకా మంచినీళ్లు ముట్టుకోం అని వాళ్లలో పదహారు మంది చెప్పారు. ఆ పదహారులో ఈ నివేదిక రాసేవారు ఒకరు."

రాసి చదువుకుంటే నాకే భయం వేసింది. మూడున్నర పేజీల తిట్లలో లేని ఘాటు ఇందులో ఉంది. ఒక్క తిట్టు కూడా లేదు మరి.

అప్పటినుంచి నాకు ఎడమ పక్క పిచ్చి పట్టుకుంది. కూర ఎలా కుదిరిందని నేను ఎప్పుడూ మా ఆయన్ను అడిగేదాన్ని, ఇప్పుడు ఆయన అడిగినా నేను చెప్పడం మానేశాను.

"కూర బాగుందా?" అన్నారు ఒకరోజు, ఆయనే వండి.

"ఉప్పు ఉంది. కారం ఉంది. రెండు ముక్కలు మాడాయి."

"బాగుందా అని అడిగా."

"అది కుడి పక్క."

కొత్త చొక్కా వేసుకుని అద్దం ముందు నిలబడి ఎలా ఉన్నానని అడిగారు. చొక్కా నీలం రంగు, లోపల మీరున్నారు అన్నాను. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. ఎన్నిక అయ్యేలోపు మా ఆవిడ డిగ్రీ ఏమో గానీ నా కాపురం మటుకు పోయేలా ఉందని కళ్లద్దాల అమ్మాయితో మొర పెట్టుకున్నారట.

ఎన్నిక రోజు వచ్చింది. కత్తిరింపు బల్ల పెద్దదని ఓట్లు లెక్కపెట్టడం మా దుకాణంలో పెట్టారు. దుకాణానికి ఒక ఓటు. మా దుకాణం ఓటు మా ఆయన వేశారు. లెక్క ఎవరు పిలవాలి అన్నప్పుడు అందరూ ఒకే మాట అన్నారు, కొలతల మనిషి ఉండగా ఇంకొకరెందుకు అని. బావగారు, అమ్మాయి ఇద్దరూ ఒప్పుకున్నారు. రాసేది నేను. వేరే కాగితం దొరక్క కొలతల పుస్తకమే తెరిచాను. నేను కళ్లారా చూశానని సంతకం పెట్టడానికి ఎర్రసిరా కూడా వచ్చి మూలన స్టూలు మీద కూర్చున్నాడు.

మా ఆయన మెడలో టేపు వేలాడుతోంది. కాగితాలు రెండు కట్టలుగా విడదీసి రెండుసార్లు లెక్కపెట్టారు. బల్లకు అవతల బావగారు నిలబడ్డారు. ఆందోళనతో ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాగి, చేతులు రెండూ కాస్త పైకెత్తి, అచ్చం కొలత ఇచ్చేటప్పుడు నిలబడినట్టే నిలబడ్డారు. మా ఆయన తలెత్తి అన్నయ్యను చూసి గట్టిగా పిలిచారు.

"ఇరవై తొమ్మిది!"

నేను రాసుకున్నాను. ఆయన తల వంచి రెండో కట్ట చూసుకుని, "అమ్మాయికి ముప్పై!" అన్నారు. అదీ రాసుకున్నాను.

దుకాణం దద్దరిల్లిపోయింది. అమ్మాయి బల్ల చుట్టూ పరిగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది. "పిన్నీ, గెలిచాం!" అని ఏడుస్తోంది, నవ్వుతోంది. గుమ్మంలో ఆడవాళ్లంతా ఒకటే కేకలు. బావగారు పట్టిన ఊపిరి వదిలేసరికి పొట్ట యథాస్థానానికి వచ్చింది. ఎవరో "ఇరవై తొమ్మిదీ ముప్పై కలిపితే యాభై తొమ్మిదే కదా" అన్నారు. ఇంకెవరో "రెండు చెల్లనివి అయ్యుంటాయిలే" అన్నారు. అందరూ సరే అన్నారు.

అప్పుడు నేను పుస్తకం కేసి చూశాను. అందులో నా చేతిరాతతో ముప్పై ఒకటి అని ఉంది. కింద ముప్పై.

ఇరవై ఆరేళ్ల అలవాటు, చెయ్యి నన్ను అడగలేదు. బావగారు చేతులెత్తి నిలబడేసరికి మా ఆయన నోరు రెండు తగ్గించింది, నా చెయ్యి రెండు కలిపింది. ముప్పై ఒకటీ ముప్పై కలిపితే అరవై ఒకటి, చెల్లనివి ఏవీ లేవు. రెండు కట్టలూ బల్ల మీదే ఉన్నాయి. గెలిచింది బావగారు.

ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. మా ఆయనకు కూడా తెలియలేదు, పాపం, అన్నయ్య ఓడిపోయాడని కళ్లు తుడుచుకుంటున్నారు. నేను చేయాల్సిందల్లా పుస్తకం మూసేయడం. రేపటికి తాళం తెరుచుకుంటుంది, పదహారు మందిమీ నీళ్లు తాగుతాం. నోరు విప్పితే గది పోతుంది, పైగా రెండంగుళాల సంగతి బయటపడి దుకాణం పరువు కూడా పోతుంది. ఏ పక్క చూసినా నోరు మూసుకోవడమే న్యాయంగా అనిపించింది. నిజం చెప్పొద్దూ, పుస్తకం సగం మూశాను కూడా.

కానీ ఎడమ పక్క ఏం రాయను? అమ్మాయి గెలిచింది అని రాయాలి. అది నా కోరిక, నేను లెక్కపెట్టిన సంగతి కాదు. సమావేశాల పుస్తకంలో "మరమ్మతు" అని ఇరవై ఏడు సార్లు రాసిన చెయ్యి కూడా మొదటిసారి ఏదో మంచి కారణం చూసుకునే రాసి ఉంటుంది. నేను మూస్తున్న పుస్తకమూ ఆ పుస్తకమూ ఒకటే అయిపోతాయి. ఎంత ఏడుపొచ్చిందో చెప్పలేను.

"ఆగండి," అన్నాను. "ఆయన పిలిచింది ఇరవై తొమ్మిది. కట్టలో ఉన్నవి ముప్పై ఒకటి."

"నీకెలా తెలుసు? నువ్వు లెక్కపెట్టలేదుగా?" అన్నారు బావగారు.

ఇక దాచేందుకు ఏం మిగిలింది? చెప్పేశాను. నలభై తాకిన నడుములు, రెండు తగ్గించడం, రెండు కలపడం, ఇరవై ఆరేళ్లు, అన్నీ. మా ఆయన బల్ల పట్టుకుని, "కొంప ముంచావు కదే" అని కూలబడ్డారు.

అక్కడున్న మగవాళ్లందరి చేతులూ ఒక్కసారిగా నడుముల మీదకు పోయాయి. "మరి నాది ముప్పై ఎనిమిదే కదా?" అన్నాడు రొట్టెల కొట్టాయన. పుస్తకం తిప్పి చూసి "నలభై" అన్నాను. ఆయన అరమీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఓట్లు మళ్లీ లెక్కపెడదాం," అన్నాడు ఎర్రసిరా లేచి.

"ఓట్ల సంగతి తర్వాత!" అని గర్జించారు బావగారు. "నా నడుమెంత?"

"నలభై ఆరు, బావగారూ."

"అసంభవం. ఏదీ, టేపు ఇటివ్వండి. ఈ మొగుడూ పెళ్లాల్ని నమ్మను. సారూ, మీరు బయటివాళ్లు, మీరు కొలవండి."

ఎర్రసిరా జీవితంలో టేపు పట్టి ఉండడు. బావగారి చుట్టూ చేతులు చాలక, టేపు కొస అందుకోవడానికి ఆయన చుట్టూ తిరిగొచ్చాడు. వంగి చూసి నలభై ఆరు అన్నాడు.

"ఊపిరి పీల్చి ఉన్నానయ్యా అప్పుడు. ఇప్పుడు వదిలాను, మళ్లీ చూడు."

"నలభై ఆరున్నర," అన్నాడు ఎర్రసిరా.

ఆ తర్వాత ఓట్లు లెక్కపెట్టారు. ముప్పై ఒకటి, ముప్పై. బావగారు పదో ఏట కూడా అధ్యక్షులయ్యారు. కానీ ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఆయనా అడగలేదు. నడుము మీద చెయ్యి పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయారు. అమ్మాయి నా వైపు చూసి ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

తేడా ఒక్క ఓటు. మా దుకాణానికి ఉన్నదీ ఒక్క ఓటే. ఇంటికొచ్చాక మా ఆయన్ని ఎవరికి వేశారని అడిగాను. ఓటు రహస్యం అన్నారు. నేను ఎడమ పక్క రాసుకున్నాను: "అడిగాను. చెప్పలేదు. రెండు చెవులూ ఎర్రబడ్డాయి." నేను నీళ్లు ఎప్పుడు తాగుతానో ఎప్పుడు తాగనో ఈయనకు ఇన్నేళ్లుగా తెలుసు. అన్నయ్యకు చూపించిన మర్యాదలో ఒక్క అంగుళమైనా నాకు మిగల్చలేదు. నాకు బాధేసింది, అది మాత్రం ఎక్కడా రాయలేదు.

మర్నాడు పొద్దున దుకాణం తెరవగానే మొదట వచ్చింది బావగారే. లోపలికొచ్చి, అటూ ఇటూ చూసి, జేబులోంచి తాళంచెవి తీసి కత్తిరింపు బల్ల మీద పెట్టారు. దాని మీద నుంచి చెయ్యి మాత్రం తీయలేదు.

"అమ్మాయ్, ఎన్నిక ఫలితం సంఘం బోర్డు మీద అంటించేది నువ్వే కదా?"

"నేనే బావగారూ. సంతకం కూడా నాదే."

"రాత్రి నుంచీ ఆలోచిస్తున్నా. నీ చదువులో ఏవో రెండు పక్కలున్నాయట కదా. వాస్తవం ఒక పక్క, అభిప్రాయం ఒక పక్క. ఆ నలభై ఆరు నీ అభిప్రాయమని ఒక్క ముక్క రాసి పెట్టు. సందులో పిల్లా పెద్దా ఒకటే నవ్వు. గది తెరుచుకోండి, నాకేం అభ్యంతరం లేదు."

తాళంచెవి నా చేతికి జానెడు దూరంలో ఉంది. అంత గట్టి మనిషి, కళ్ల కింద నల్లగా, నిద్ర లేక నిలబడ్డారు. మనసు కరగలేదంటే అబద్ధం. అయినా నలభై ఆరుని అభిప్రాయం అని ఎలా రాసేది? టేపు చదివింది ఎర్రసిరా. అది రాస్తే నిన్న అమ్మాయిని ఏడిపించింది దేనికి?

"బావగారూ, మీ నడుము ఎంతంటారు మీరు?"

"నలభై నాలుగు. ఎవడొచ్చినా అదే చెబుతా."

"ఖాయంగానే అంటున్నారా?"

"వందసార్లు అంటా!"

పెన్ను తీశాను. ఎన్నిక ఫలితం కింద ఇలా రాసి, సంతకం పెట్టి, చదివి వినిపించాను: "తన నడుము నలభై నాలుగు అంగుళాలని అధ్యక్షులవారు ఈ ఉదయం తొమ్మిది గంటలకు తెలియజేశారు. మహిళల గది తాళంచెవిని అదే సమయంలో అప్పగించారు."

బావగారు కాగితం లాక్కుని రెండుసార్లు చదువుకున్నారు. "తెలియజేశారు!" అన్నారు, ముఖం వెలిగిపోయింది. "చూశావా, చదువంటే ఇదీ!" బల్ల మీద నుంచి చెయ్యి తీసేసి, కాగితం తానే పట్టుకెళ్లి బోర్డుకు అంటించారు. రంగు డబ్బాలు కూడా తానే మోసుకుపోయారు. బోర్డు ముందు వారం రోజులు జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. నేను రాసిన దాంట్లో మాత్రం ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆయన అన్నారు, నేను విన్నాను.

దుకాణం పరువు పోతుందనుకున్నానా, మర్నాటి నుంచి జనం రెట్టింపయ్యారు. ఒక్కొక్కరే వచ్చి, అసలు కొలత చెవిలో చెప్పమంటున్నారు. మా ఆయన పైకి పిలవడం మానేసి, టేపు నాకు మాత్రమే కనిపించేలా పట్టుకుంటున్నారు. రోజూ పొద్దున మంచినీళ్ల కూజా నింపి నా మిషను పక్కన పెడుతున్నారు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

నెల తర్వాత ప్రాజెక్టు తిరిగొచ్చింది. పరీక్షతో కలిపి పాసయ్యాను. పదహారు పేజీల ఎడమ పక్క ఎక్కడా ఎర్రసిరా తగల్లేదు. కుడి పక్క అన్ని పేజీలూ ఖాళీ, చివరి పేజీలో ఒకే ఒక్క వాక్యం: "గది తెరిచిన రోజు ఉదయం పదింటికి, దుకాణంలో కూర్చుని, ఒక గ్లాసు మంచినీళ్లు తాగాను."

దాని చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, పక్కన రాశాడు: "ఇది మీరు చేసిన పని కదా, ఎడమ పక్క ఉండాలి. ఒక మార్కు కోశాను."

కోసుకోనీ. అది ఏ పక్కదో నాకు తెలుసు.